కంచె స్తంభాల గోతులకు చేతి ఆగర్: 6 అంగుళాలా, 8 అంగుళాలా, 12 అంగుళాలా?

మందస_జీడితోట:
మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల జాగాలో మళ్ళీ జీడి మొక్కలు పెట్టాం. అవి బతుకుదామనే చూస్తున్నాయి, ఊళ్ళో మేకలే బతకనివ్వడం లేదు. చుట్టూ ముళ్ళ తీగ వేద్దామని సిమెంటు స్తంభాలు దింపించాను. 7 అడుగుల పొడవు, 4 అంగుళాల చదరం. గోతులు తవ్వడానికి మనుషులు దొరకడం లేదు, కుర్రాళ్ళంతా హైదరాబాదు, చెన్నై పోయారు. పారతో తవ్వితే ఇసుక జారి పైన గొయ్యి వెడల్పయిపోతోంది, స్తంభం ఊగుతోంది. అందుకే చేతి ఆగర్ (పిడి పట్టి చేత్తో తిప్పుతూ గుండ్రటి గొయ్యి తీసే పనిముట్టు) చూస్తున్నాను. షాపాయన 12 అంగుళాల వెడల్పు గొయ్యి తీసేది తీసుకోండి, అన్నిటికీ పనికొస్తుంది అంటున్నాడు. తిప్పేది మా నాన్నగారు, అరవై దాటాయి. తోటలో సగం ఇసుక, గట్టు వైపు ఎర్రమట్టి, రాళ్ళు. ఏది కొనమంటారు?
(మా వైపు తిరిగే ఎలుగుబంట్లను ముళ్ళ తీగ ఆపలేదని తెలుసు. నా గొడవ మేకలతోనే.)

వెల్డింగ్_కాశీబుగ్గ:
12 వద్దు బాబూ. 8తో పోలిస్తే గొయ్యికి రెండింతల పైన మట్టి తియ్యాలి. ఆ బరువు పైకి లాగేది మీ నాన్నగారి నడుమే, షాపాయనది కాదు.

6 కూడా వద్దు. స్తంభం 4 అంగుళాల చదరమే అయినా మూల నుంచి మూలకు కొలిస్తే ఐదున్నర దాటుతుంది. 6 గోతిలో బిగుసుకుంటుంది, నిలువు సరిచెయ్యడానికి సందుండదు. 8 తీసుకోండి. చుట్టూ రాళ్ళు, కంకర వేసి గునపం మొనతో కూరడానికి చోటు మిగులుతుంది.

సైజు కన్నా రకం ముఖ్యం. మరమేకులా మెలికలు తిరిగింది ఎర్రమట్టికి బాగుంటుంది, కానీ మీ ఇసుకలో పైకి లాగేసరికి సరుకంతా జారి మళ్ళీ గోతిలోనే పడుతుంది. రెండు వంపు రేకులు ఎదురెదురుగా ఉండి, మట్టిని కడుపులో పట్టి తెచ్చేది ఒకటుంటుంది. అది అడగండి. ముందురోజు సాయంత్రం గుర్తు పెట్టినచోట రెండు బిందెల నీళ్ళు పోస్తే గోడలు కూలవు. రెండు మూడు చుట్లు తిప్పడం, పైకి తీసి దులపడం, అంతే. నిండా కూరుకుపోయేదాకా తిప్పితే ఇద్దరు పట్టినా రాదు.

షాపులో తిరగేసి చూడండి. కోసే మొన రేకు కన్నా కొంచెం ముందుకొచ్చి కిందికి వంగి ఉండాలి. రేకుతో సమానంగా ఉంటే మట్టిని రుద్దుతుంది తప్ప కొయ్యదు. మొన బోల్టులతో బిగించినదైతే మేలు, అరిగాక విప్పి మార్చుకోవచ్చు. ఆకురాయితో మీరే పదును పెట్టుకోవచ్చు. పిడి అతికినచోట పక్క పట్టీ వెల్డింగ్ ఉందో లేదో చూడండి. నా దగ్గరికి రిపేరుకొచ్చేవన్నీ అక్కడ విరిగినవే.

బొబ్బిలి_రైతు:
ఇసుక సంగతి ఆయన చెప్పినట్టే. గట్టు వైపు మాత్రం ఆశ పెట్టుకోకండి. మా ఎర్ర గరపలో (రాళ్ళు కలిసిన ఎర్రనేలలో) చేతి ఆగర్ రాయి తగలగానే అక్కడే గిర్రున తిరుగుతుంది, దిగదు. ముందు గునపంతో పొడిచి గుల్ల చెయ్యాలి, ఆ గుల్ల మట్టి తియ్యడానికే ఆగర్. ఆ కాస్త చోటుకి పెట్రోల్ మెషిన్ అద్దెకి తెద్దామనుకుంటారేమో, పెద్దాయన చేతికి ఇవ్వకండి. వేరు తగిలితే లోపల మొన ఆగిపోయి, పైన మెషిన్‌తో పాటు మనిషి తిరుగుతాడు. మా తమ్ముడి మణికట్టు అలాగే బెణికింది.

మందస_జీడితోట:
థాంక్సండీ ఇద్దరికీ. 2 అడుగులు దింపితే పైన 5 మిగులుతుంది, మేకలకి చాలు కదా? ఇంకోటి, ఎండిపోయిన జీడి మొక్కల జాగాలో కొత్తవి పెట్టాలి. వాటి గోతులకీ ఇదే వాడొచ్చా?

వెల్డింగ్_కాశీబుగ్గ:
ఎత్తు చాలు. అన్నిటికన్నా కింది వరస తీగ మాత్రం నేలకి జానెడు మించి ఎత్తులో కట్టకండి, మేకపిల్ల దూరిపోతుంది. మూల స్తంభాలు ఇంకో అరడుగు లోతుకి దించి, లోపలి వైపు ఏటవాలుగా ఊతం పెట్టండి. తీగ లాగి బిగించినప్పుడు ఒరిగేవి అవే.

జీడి మొక్కకి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి కావాలి. 8 అంగుళాల కన్నంలో పశువుల ఎరువు ఎక్కడ వేస్తారు, మొక్క ఎక్కడ పెడతారు? దానికి పార, గునపమే.

నాన్నగారి ఎత్తు ఎంత? పిడి మొదట్లో ఛాతీ దగ్గరుండాలి. మరీ పొట్టిదైతే రెండడుగులు దిగేసరికి మోకాళ్ళ కిందికి వంగి తిప్పాలి.

మందస_జీడితోట:
అయిదడుగుల నాలుగంగుళాలు.

వెల్డింగ్_కాశీబుగ్గ:
అయితే మొత్తం నాలుగడుగులది చూడండి. దొరక్కపోతే పొట్టిదే కొని తెండి, పైపు ముక్క అతికిస్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది.