సాలూరు ఘాటీ దిగే ప్రీమియర్ పద్మిని కారుకి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించమంటారా?

సెమిలిగూడ 1100:
అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా సెమిలిగూడ. నాన్నగారు సునాబెడ హాల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు కొన్న 1986 ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నేను నడుపుతున్నాను. పాత 1089 సీసీ ఇంజన్ అరిగిపోతే, అనుమతి తీసుకుని ప్రీమియర్ వాళ్ళదే 118ఎన్ఈ కారులో వచ్చే 1171 సీసీ నిస్సాన్ ఇంజన్ వేయించాను. బండి హాయిగా లాగుతోంది. బ్రేకులు మాత్రం కంపెనీవే. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే (తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి షూలు ఒరుసుకుని ఆపేవి), కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు.

మొన్న పెళ్ళికని నలుగురం విజయనగరం బయల్దేరాం. పొట్టంగి దాటి సాలూరు వైపు సుంకి ఘాటీ దిగుతుంటే బ్రేకుల వాసన మొదలైంది, పెడల్ కిందికి పోతోంది. రెండుసార్లు పంపు కొడితే గానీ బ్రేకు అందలేదు. కిందికొచ్చి కాసేపు ఆపితే మళ్ళీ మామూలైపోయింది. లీకు ఎక్కడా లేదు. అమ్మ వెనక సీట్లో ఉంది. ఆ రోజు నుంచి ఘాటీ అంటేనే టెన్షన్. మారుతి డిస్క్ బ్రేకులు ముందు చక్రాలకు పెట్టేద్దాం, ఒక్కరోజు పని, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ పాతదే చాలు అంటున్నాడు ఇక్కడి మెకానిక్. చేయించమంటారా?

జయపురం కుర్రాడు:
అన్నా, బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్ళైంది? అది ఊరికే ఉన్నా గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరితే 140కే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. పంపు కొడితే అందిందంటే నాకు దానిమీదే అనుమానం.

సాలూరు బ్రేకు షెడ్డు:
బాబూ, మీ ఘాటీ దిగొచ్చే లారీల బ్రేకులు విప్పడమే నా పని. నాకూ ఒక పద్మిని ఉంది. ఆ ఒక్కరోజు పనికి ఒప్పుకోకు.

జయపురం అబ్బాయి చెప్పింది నిజమే, దానికి ఇంకోటి కలుపు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, అందుకే పెడల్ ఎక్కువ దూరం పోతుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే షూ మీది లైనింగ్ కాలినట్టు. నీకు పెడలే కిందికి పోయింది కాబట్టి డ్రమ్ము పెరగడం, ఆయిల్ మరగడం, ఈ రెండూ చూడాలి.

వేడి ఎంతో ఒకసారి లెక్క వెయ్యి. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరుకి 700 మీటర్ల పైనే దిగుతావు. బండి, మనుషులు కలిపి 1,200 కిలోలు అనుకుంటే, బ్రేకులతోనే దిగితే దాదాపు 2.3 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి ఆ డ్రమ్ముల్లోకి పోతుంది. కొత్త ఇంజన్ వచ్చాక వేగం కూడా పెరిగి ఉంటుంది. 60లో ఆపేదానికంటే 80లో ఆపడానికి 1.8 రెట్లు పని పడుతుంది. డిస్కులు కావాలన్న నీ ఆలోచన సరైనదే. అవి గాలికి త్వరగా చల్లారతాయి, వేడికి పెరిగినా తమను నొక్కే ప్యాడ్‌కి దూరం జరగవు.

కానీ నన్నడిగితే మొదట మారాల్సింది మాస్టర్ సిలిండర్. నీది సింగిల్ సర్క్యూట్. ఒక్క హోస్ పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ఆ మలుపుల్లో అలాంటి బండిలో మీ అమ్మగారిని కూర్చోబెట్టకు. టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించు, ముందుకి ఒక లైను, వెనక్కి ఒక లైను. దాంతోపాటే హోస్ పైపులన్నీ కొత్తవి.

పాతది ఉంచితే ఇంకో చిక్కు. డ్రమ్ము బళ్ళ సిలిండర్లో లైనులో కొంచెం ఒత్తిడి నిలిపే వాల్వు ఉండొచ్చు, సుమారు 10 పీఎస్ఐ. డిస్కుకి 2 మించకూడదు. ఎక్కువైతే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి, దిగువకి రాకముందే డిస్కులు మండిపోతాయి. ఇక బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం. అదే కాలి బలానికి 3/4 అంగుళం బోరు, 7/8 కంటే దాదాపు 36 శాతం ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది, పెడల్ మాత్రం ఎక్కువ దూరం పోతుంది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్‌లో పిస్టన్ సైజు చూడకుండా బోరు నిర్ణయించకూడదు.

కాలిపర్ బ్రాకెట్ కొలత పెట్టి లేత్ షాపులో మందపాటి స్టీలుతో చేయించు. ఎక్కువ బలమున్న 10.9 గ్రేడు బోల్టులే వాడాలి. పాత ఇనుప ముక్కకి వెల్డింగు పెట్టి బిగిస్తానంటే బండి వెనక్కి తెచ్చేసుకో.

సెమిలిగూడ 1100:
చాలా థాంక్స్ మాస్టారూ. బూస్టర్ తప్పదా? వెనక డ్రమ్ములు అలాగే ఉంచొచ్చా?

సాలూరు బ్రేకు షెడ్డు:
డ్రమ్ములో ముందు షూ తిరిగే వైపుకే లాక్కుని తనంతట తాను బిగుస్తుంది. డిస్కుకి ఆ గుణం లేదు, బలమంతా కాలే ఇవ్వాలి. అందుకే బూస్టర్ పెట్టించు. అది ఇంజన్ పీల్చే వాక్యూమ్‌తో పనిచేస్తుంది కాబట్టి దాని పైపు వాక్యూమ్‌కి తయారైనదే కావాలి, మెత్తటి రబ్బరు పైపు లోపలికి అణిగిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మన వైపు పెట్రోలు కలిసొస్తుందని ఇంజన్ ఆపి న్యూట్రల్లో దిగే అలవాటుంది. బూస్టర్ ఉన్న బండిలో ఇంజన్ ఆగితే సాయం ఒకటి రెండు తొక్కుళ్ళకే వస్తుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. యాక్సిలరేటర్ వదిలితే వాక్యూమ్ బాగా వస్తుంది, ఇంజన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది.

వెనక డ్రమ్ములు ఉంచు, వెనక లైనులో మాత్రం ఒత్తిడి తగ్గించే వాల్వు వేయించు. బ్రేకు వేస్తే బరువు ముందుకి పడి వెనక చక్రాలు తేలికవుతాయి. అవి ముందే పట్టేస్తే తోక తిరుగుతుంది.

రాయగడ నుంచి:
పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి సార్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించే. కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళకీ తెలియజేయండి.

సెమిలిగూడ 1100:
సరే సార్, సోమవారం వెళ్ళి అడుగుతాను. మాస్టారూ, ఈలోపు డాట్ 4 పోయించి, షూలు సెట్ చేయించి, ఘాటీ వైపు వెళ్ళకుండా ఊళ్ళోనే తిప్పుతాను. బ్రాకెట్ డ్రాయింగు గీయించాక ఇక్కడ పెడతాను, కొలతలు చూసి చెప్పండి.

సాలూరు బ్రేకు షెడ్డు:
పెట్టు బాబూ. కాలిపర్‌కీ రిమ్ము లోపలి అంచుకీ మధ్య సందు ఎంతుందో అందులో తప్పకుండా రాయి. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు హోస్ పైపు ఎక్కడా లాగకూడదు, దానికీ కొలత వెయ్యి.