సెమీ క్రిస్మస్ రోజు బల్ల మీద ఊదా గుడ్డా, తెల్ల గుడ్డా?

అందరికీ వందనాలు. నేను పుట్టి పెరిగింది బాప్టిస్టు సంఘంలో. పెళ్లయ్యాక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడికి వెళ్తున్నాను. ఈసారి ప్రభువు బల్ల (గుడిలో ప్రభు భోజనం ఉంచే బల్ల) మీద కాలానికి తగ్గ రంగు గుడ్డ వేసి అలంకరించే పని నాకు అప్పగించారు, అప్పటి నుంచి ఒకటే టెన్షన్!

నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే కాలం) మొదలవుతుందని, నాలుగు ఆదివారాలూ ఊదా రంగేనని, మూడో వారం మాత్రం గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగిస్తారని తెలుసుకున్నాను. క్రిస్మస్‌కి తెలుపు. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కల్లా సెమీ క్రిస్మస్‌తోనే, అంటే అసలు పండగకి ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుకతో. మా గుడిలో డిసెంబరు రెండో వారంలోనే చేస్తారు. నక్షత్రం, చెట్టు, కేకు, పిల్లల నాటిక అన్నీ ఉంటాయి. అసలు అడ్వెంట్ అంటే ఎదురుచూసే కాలం కదా, 1947లో సీఎస్ఐలో కలిసిన ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయం వాళ్ల) నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం అప్పుడు తెలుపు వేయకూడదని మా మామగారు అంటారు. ఆయన ఆంగ్లికన్ సంప్రదాయం బలంగా ఉన్న డోర్నకల్ వైపు పెరిగిన మనిషి, ఈ విషయాల్లో చాలా పట్టుదల. యూత్ వాళ్లేమో "పండగ రోజు ఊదా ఏంటక్కా, దిగులుగా ఉంటుంది" అంటున్నారు. నాకైతే మామగారి మాటే సబబు అనిపిస్తోంది, కానీ కొత్త కోడలిని, గట్టిగా చెప్పలేను.

మీ గుళ్లలో ఏం చేస్తారు? ఆ ఒక్క సాయంత్రానికి గుడ్డ మారుస్తారా? మా పాస్టరు అయ్యగారిని అడిగితే "మీరే చూసుకోండమ్మా" అని నవ్వేశారు.