జూన్ ఆదివారం విందు: పనుల పంపకం, తేలని పేచీలు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. జూన్ మొదటి ఆదివారానికి హాలు, దాని వెనక పచ్చిక బయలు మన తెలుగు సంఘం విందుకు ఖాయమయ్యాయి. ఆ వారాంతంలోనే బ్రిటన్ అంతటా ‘బిగ్ లంచ్’ జరుగుతుంది. ఏడాదికి ఒక్క పూటైనా ఇరుగుపొరుగు బల్లలు వేసుకుని కలిసి తినాలని, కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టు వాళ్లు 2009లో మొదలుపెట్టిన ఆనవాయితీ అది.

ఇప్పటిదాకా మన కార్యక్రమాలన్నీ ఒకే అచ్చు. వేదిక, జ్యోతి ప్రజ్వలన, పిల్లల నృత్యాలు, ముఖ్య అతిథి ప్రసంగం. పక్క వీధి ఇంగ్లిషువాళ్లు ముందు వరుసలో బుద్ధిగా కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టి వెళ్తారు. ఈసారి వేదిక వద్దు. ఇక్కడి ఊళ్లలో వేసవి ఫేట్ (స్టాళ్లు, ఆటలతో సాగే చిన్న తిరునాళ్ల లాంటిది) ఎలా జరుపుతారో అలాగే జరుపుదాం. సెలవులకు మన ఇళ్లకు వచ్చిన అమ్మానాన్నలు ఈ దేశంలో ఏయే అలవాట్లు చూసి ముచ్చటపడ్డారో అడిగి రాయండి. వాటి నుంచే స్టాళ్లు, ఆటలు పుట్టిద్దాం.

ఆటల బాధ్యుడు:
అక్కా, వేదిక లేదంటే నృత్యం నేర్పించిన తల్లులు మనల్ని బతకనివ్వరు. పోనీ ఒక చిన్న నాటికైనా పెడదామా? ‘సారీ’ల మీద. ఇక్కడ కాలు తొక్కించుకున్నవాడే తొక్కినవాడికి సారీ చెప్తాడు కదా. మావాడు ఆ నటన అద్భుతంగా చేస్తాడు.

సమన్వయకర్త:
తమ్ముడూ, నాటిక వద్దు. భోజనానికి పిలిచి వాళ్ల ముందే వాళ్లను అనుకరిస్తే నవ్వుతారు, నిజమే. తమ మీద తాము జోకులు వేసుకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అది వాళ్ల హక్కు, మనది కాదు. నృత్యాలు భోజనాలయ్యాక పచ్చిక మీద, పాదరక్షలు లేకుండా, మైకు లేకుండా. తల్లులతో నేను మాట్లాడతాను.

పెద్దల బృందం తరఫున:
నమస్కారం. నేను చెప్తుంటే మనవరాలు టైపు చేస్తోంది. పార్కులో కలుసుకునే మేమంతా మాట్లాడుకున్నాం. ఎక్కువ మంది బస్సుకే ఓటు వేశారు. ఈ ఊళ్లో బస్సు దిగే ప్రతివాళ్లూ డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతారు. స్కూలు పిల్లలు, చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలు, చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రవాళ్లు కూడా. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ప్రయాణికులు నన్ను అన్న మాటలు చాలా గుర్తున్నాయి, వాటిలో ఈ మాట మాత్రం లేదు. చిల్లర దగ్గరే మా సంభాషణలన్నీ ముగిసేవి. లండన్‌లో మధ్య తలుపు నుంచి దిగుతారు కనుక అక్కడ ఈ మర్యాద తక్కువని మా వియ్యపురాలు అంటున్నారు.

రెండోది, దారిలో చిన్నపిల్లల చేతి తొడుగో టోపీయో పడి ఉంటే తీసి పక్కనున్న కంచె ఊచకు తగిలిస్తారు. పోగొట్టుకున్నవాళ్లు అదే దారిన వెతుక్కుంటూ వస్తారని. మా ఆవిడ ఒక ఊలు టోపీని అలాగే తగిలించింది. మర్నాడు అది అక్కడ లేకపోయేసరికి పోయిన సొమ్ము తనకే దొరికినట్టు సంబరపడింది.

ఇక ఎదురైనవాళ్లు ‘ఆల్‌రైట్?’ అంటారు. నేను ఆగి మోకాలి నొప్పి, బీపీ మాత్రలు అన్నీ వివరంగా చెప్తాను. తిరిగి ‘ఆల్‌రైట్’ అని కదిలిపోవడమే ఇక్కడి పద్ధతని మా అల్లుడు మందలించాడు. అయినా నా పద్ధతే నాకు బాగుంది. పక్కింటాయనకూ మోకాలి నొప్పేనని అలాగే తెలిసింది. ఇప్పుడు ఇద్దరం కలిసి నడుస్తున్నాం.

ఇంకొక మాట బాబూ, జీబ్రా గీతల దగ్గర కారు ఆగితే నడిచేవాళ్లు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్తారు, కారులో ఆయన కూడా చెయ్యెత్తుతాడు. చట్టప్రకారం ఆగినందుకు కూడా!

ఆటల బాధ్యుడు:
బాబాయి గారూ, మీరు చెప్పినవి చాలు, నాటిక మరిచిపోయాను. పచ్చిక మీద సున్నంతో జీబ్రా గీతలు వేస్తాను. పిల్లలు అట్టపెట్టెల కార్లు మెడకు తగిలించుకుని ఆగాలి, చెయ్యెత్తడం మరిచినవాళ్లు ఆట నుంచి బయటికి. మొదటి జీబ్రా క్రాసింగులు 1951లో వచ్చాయి. మనకు దగ్గర్లోని స్లౌలో అప్పుడే ఒకటి వేశారు. క్విజ్‌లో అది పెడతాను. గీతల పక్కన వెలిగే నారింజ గోళాలు అంతకంటే పాతవి, 1934లో రవాణా మంత్రి హోర్-బెలీషా పెట్టించినవి. అందుకే అవి బెలీషా దీపాలు.

పోస్టుడబ్బా కూడా చేద్దామని ఉంది. బ్రిటిష్ దీవుల్లో తొలి డబ్బాలు జెర్సీలో 1852లో పెట్టారు. మొదట్లో చాలావాటికి ఆకుపచ్చ రంగు ఉండేది, 1874 నుంచి ఎరుపు వేయడం మొదలైంది. పెద్దవాళ్లు ఊరికి కార్డులు రాసి మన డబ్బాలో వేస్తే, సోమవారం నేనే నిజం డబ్బాలో వేస్తాను. స్టాంపుల ఖర్చు సంఘానిదే కదా?

తంబోలాకు నంబరు బిళ్లలు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను.

హాలు బాధ్యురాలు:
బిళ్లలు అక్కర్లేదు. మనం క్లబ్బుల్లో ఆడే తంబోలాను వీళ్లు బింగో అంటారు. ఫేట్‌లో టాంబోలా అంటే వేరు: బల్ల మీద వస్తువులు పేర్చి ఒక్కోదానికీ ఒక నంబరు చీటీ అతికిస్తారు. డబ్బులిచ్చి పీపాలోంచి చీటీ తీయాలి. చివర సున్నా గానీ అయిదు గానీ ఉంటే ఆ నంబరు వస్తువు మీదే. వస్తువులన్నీ జనం ఇచ్చినవే. జామ్ సీసా, టొమాటో సూపు డబ్బా, ఎవరికో క్రిస్మస్‌కు వచ్చి మూత కూడా తెరవని స్నానపు ఉప్పు. గెలుచుకున్నవాళ్లు దాన్ని భద్రంగా దాచి వచ్చే ఏడు మళ్లీ టాంబోలాకే ఇస్తారు. ఇంతటి నిజాయితీగల లాటరీ నేనెక్కడా చూడలేదు. రాఫెల్ (లక్కీ డ్రా) టికెట్లు మాత్రం ఆ రోజు, ఆ చోటే అమ్మాలి, అప్పుడు లైసెన్సు అవసరం ఉండదు. ముందుగా వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెట్టకండి.

హాలు నియమాలు: సర్దే సమయం కూడా అద్దెలోనే లెక్క. బల్లలు తుడిచి మడవాలి, కుర్చీలు దొంతరలుగా పేర్చాలి. టీ కాచే పెద్ద అర్న్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, తాళం తీయగానే ముందు దాని స్విచ్చి వేయాలి. వాన వస్తే ఎలాగని ఇప్పటికే అడుగుతున్నారు. వస్తుందనే అనుకుని గజీబోలు (మడత గుడారాలు) వేద్దాం. పొరుగువాళ్లు ఎలాగూ కదలరు, గొడుగు కింద నిలబడి ‘మొక్కలకు మంచిది’ అంటారు.

వంటల బృందం:
మా సంగతి. బఫే వద్దని మా అభిప్రాయం. పొడవాటి బల్లలు వరసగా వేసి అందరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమే బిగ్ లంచ్ పద్ధతి అయినప్పుడు, అది మన బంతి భోజనమే. వడ్డనకు మనవాళ్లు తిరుగుతారు. క్యూ సరదా టీ దగ్గర తీర్చుకోవచ్చు. అక్కడ మాత్రం మనవాళ్లెవరూ పక్కనుంచి చెయ్యి చాపకండి. వాళ్లు ఏమీ అనరు, చిన్నగా దగ్గుతారు. ఆ దగ్గు తిట్టుకంటే ఘోరం.

పులిహోర, గారెలు, వంకాయ కూర, పెరుగన్నం, సేమ్యా పాయసం. మనది వ్యాపారం కాకపోయినా, ప్రతి గిన్నె ముందూ అందులో ఉన్నవి రాసిన అట్ట ఉండాలి. ఇక్కడి చట్టం పేర్కొన్న 14 అలర్జీ పదార్థాల్లో వేరుశనగ, నువ్వులు, పాలు, జీడిపప్పుతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి, అంటే మన తాలింపే! పొడి ఇంగువలో సాధారణంగా గోధుమపిండి కలిపి ఉంటుంది, డబ్బా మీద చదవండి. ‘గారెల్లో గోధుమ ఎక్కడిది’ అని వాదించకుండా రాయండి.

స్కోన్లు (జామ్, క్రీమ్ రాసుకుని తినే చిన్న బన్నుల్లాంటివి) పక్క వీధి పెద్దావిడ చేస్తానన్నారు. డెవన్‌లో ముందు క్రీమ్ రాసి పైన జామ్, కార్న్‌వాల్‌లో ముందు జామ్ రాసి పైన క్రీమ్. ఆవిడది డెవన్, వాళ్లాయనది కార్న్‌వాల్. రెండూ విడివిడిగా గిన్నెల్లో పెట్టి మనం దూరంగా ఉందాం.

వడ్డించేవాళ్లకు ఒక మాట. ‘ఇంకొంచెం?’ అంటే మొదటిసారి వద్దంటారు. వెంటనే వెళ్లిపోకండి, రెండోసారి అడిగితే ‘సరే, ఒక్కటే’ అంటారు. మూడోసారి మాత్రం కొసరవద్దు, మనవాళ్లలాగా చెయ్యి అడ్డం పెట్టడం వాళ్లకు తెలియదు.

సమన్వయకర్త:
బంతి ఖాయం. ఇక సమయం. పన్నెండున్నర అని ఆహ్వానంలో రాస్తే పొరుగువాళ్లు ముందే వచ్చి, లోపలికి రాకుండా గేటు బయట వాతావరణం గురించి మాట్లాడుకుంటూ నిలబడతారు. మనవాళ్లు రెండింటికి వస్తారు. మనవాళ్లకు పదకొండున్నర అని వేరే కార్డు వేద్దామని ఒకరు ఫోను చేశారు. నాకు ఇష్టం లేదు. ఒకటే కార్డు, పన్నెండున్నరకు మొదటి బంతి కూర్చుంటుంది. రానివాళ్లు రెండో బంతిలో, గారెలు మిగిలితే.

పెద్దల బృందం తరఫున:
మేం పన్నెండింటికే వస్తాం అమ్మాయీ. గేటు బయట వాళ్లతో కలిసి నిలబడతాం.

హాలు బాధ్యురాలు:
భోజనాలయ్యాక పొరుగువాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి వంటింట్లోకి వస్తారు, కప్పులు కడుగుతామని. అతిథులు కదా అని చేతుల్లోంచి కప్పులు లాక్కోకండి, ఆ పని చేయనిస్తేనే తాము మనలో కలిసినట్టు వాళ్లకు అనిపిస్తుంది. తుడిచే గుడ్డలు హాల్లో ఉండవు, ఇంటికి రెండు చొప్పున తేవాలి. జాబితాలో ఎవరూ వాటి పక్కన పేరు రాయలేదు. అలాగే పోస్టుడబ్బాకు ఎర్ర రంగు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఈ ఆదివారంలోగా చెప్పండి, లేకపోతే కొనాలి.