మన కోసం గీసుకున్న బొమ్మను నలుగురి ముందు పెట్టాలా?

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ (చర్చ మొదలుపెట్టినవారు)

ఆదివారం పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకునే చిన్న బృందం మాకుంది. బడి పిల్లలు, ఉద్యోగస్తులు, పింఛనుదారులు వస్తారు. తమకు గీత కూడా తిన్నగా రాదని ఒట్టేసి చెప్పేవారూ వస్తారు. మనసులో మెదిలేదాన్ని కాగితం మీద చూసుకోవడం, పక్కవారితో పరిచయం పెంచుకోవడం, రెండూ మా ఉద్దేశాలే. అందుకని లేచే ముందు ప్రతి ఒక్కరూ నోటుపుస్తకం తెరిచి మధ్యలో పెట్టి, గీసినదాని గురించి రెండు మాటలు చెప్పాలని నేను ప్రతిపాదించాను. కొందరు ఒప్పుకోలేదు.

ఎవరి పుస్తకం వారు మూసుకుని వెళ్లిపోతే, ఒకే నీడన కూర్చుని కూడా ఒకరికొకరం తెలియనివాళ్లుగానే మిగిలిపోతామని నా భయం. బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1938లో క్షయ వ్యాధి సోకి శానటోరియంలో ఉన్నప్పుడు, మంచం పక్కన కనిపించిన వస్తువులను గీసుకుంటూ కాలం గడిపాడు; తర్వాత తోటి రోగులచేత కూడా గీయించాడు. ‘ఆర్ట్ థెరపీ’ (బొమ్మలు గీయడం ద్వారా చికిత్స) అన్న పేరును 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. తనకు ఊరటనిచ్చిన పనిని ఆయన తన మంచం దగ్గరే దాచుకుని ఉంటే మిగతా రోగులకు ఏం ఒరిగేది? మీ అభిప్రాయాలు చెప్పండి.

అంగన్‌వాడీ టీచర్, మర్రిగూడ

మాస్టారు గారూ, మీ ఉద్దేశం మీద నాకు గౌరవం ఉంది, నియమాన్ని మాత్రం ఒప్పుకోలేను.

మా నాయన ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరం మనిషి. వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయాయి. రోజూ అన్నం పెడుతున్నా, మందులిస్తున్నా, ఆయన మంచం దిగే తీరును నేను సరిగ్గా చూసింది పెన్సిల్ పట్టుకున్న తర్వాతే. ముందు ఎడమ అరచెయ్యి మంచం పట్టె మీద ఆనిస్తాడు, నడుమును పక్కకు తిప్పుతాడు, పాదాలు నేలకు తగిలాక కాసేపు అలాగే ఆగిపోతాడు. అలా ఆగినప్పటి భుజాలను గీయబోతే చెయ్యి సాగలేదు. ఇన్నాళ్లూ ఆ క్షణంలో నాకు కలిగేది విసుగనుకున్నాను. నిజానికి అది భయమని, ఆ నీళ్లు నేనూ తాగి పెరిగానన్న భయమని ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడే తెలిసింది.

ఇప్పుడు చెప్పండి, ఆ పేజీని ఆదివారం మధ్యలో పెట్టి రెండు మాటలు చెప్పడం న్యాయమేనా? అందులో ఉన్నది నా మనసొక్కటే కాదు, మా నాయన శరీరం కూడా. ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు మన జిల్లా నుంచి ఎన్నెన్ని చోట్లకో వెళ్లాయి. వాటివల్ల సమస్య లోకానికి తెలిసిన మాట నిజమే అయినా, తనను నలుగురూ అలా చూడటం మా నాయనకు ఇష్టం లేదు. మనం గీసేది చాలావరకు ఇంట్లోవాళ్లనే కాబట్టి, చూపించే ముందు వాళ్లను అడగాల్సిన అవసరం కూడా ఉంటుంది.

చూపించాలని ముందే తెలిస్తే చెయ్యి తనంతట తానే సర్దుకుంటుంది, ముడతలు తగ్గిస్తుంది, మంచం కింద ఉన్న డబ్బాను వదిలేస్తుంది. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తన మనఃస్థితిని గమనించుకోవడానికి నోటుపుస్తకంలో మండలాలు, అంటే గుండ్రని ఆకృతుల బొమ్మలు, గీసుకున్నాడు. ఆ కాలపు అనుభవాలను బొమ్మలతో సహా ఎక్కించుకున్న ఎర్ర అట్ట పుస్తకం, ఆయన 1961లో చనిపోయాక కూడా చాలాకాలం బయటికి రాలేదు. 2009లో గానీ అచ్చు కాలేదు. దగ్గరివారు కొందరు చూసి ఉండవచ్చు, కానీ ఎవరికి చూపాలన్నది ఆయనే నిర్ణయించుకున్నాడు.

టైలర్, మహబూబ్‌నగర్

అక్కా, మీ మాట కాదనలేను. అయినా చూపించకపోతే తెలియని సంగతులూ ఉంటాయి.

మా తమ్ముడు పుణెలో కట్టడం పనికి పోయాడు. ఫోనులో ఎప్పుడడిగినా ‘మంచిగనే ఉన్న’ అన్న మాటే తప్ప ఇంకొకటి రాదు. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాడు కదా అని, నీ గదిని గీసి పంపమన్నాను. సిమెంటు బస్తా కాగితం మీద బాల్ పెన్నుతో గీసి ఫొటో తీసి పంపాడు. వరుసగా పడుకున్న మనుషుల తలలు, తీగమీద తడి బట్టలు, తన తల దగ్గర మాత్రం చెప్పుల జత. చెప్పులు తల దగ్గరెందుకని అడిగితే, బయట విడిస్తే పోతున్నాయని చెప్పి, ఆ తర్వాత మేస్త్రీ గురించి, ఆగిపోయిన కూలీ డబ్బుల గురించి చాలాసేపు మాట్లాడాడు. బొమ్మ లేకుంటే నేను ఆ ప్రశ్న వేసేదాన్నే కాదు, వాడు చెప్పేవాడే కాదు. పాలమూరులో ఇలా దూరాన ఉన్నవాళ్లు లేని వాడ ఉండదు. వాళ్ల ఇళ్లకు ఈ పద్ధతి ఎంతో అవసరమని నా నమ్మకం.

ముగ్గు సంగతి కూడా ఆలోచించండి. తెల్లవారి వాకిట్లో వేసే మెలికల ముగ్గులో మనసు పూర్తిగా చుక్కల మీదే నిలుస్తుంది. దారిన పోయేవారందరూ చూస్తారు, ఇందులో నీ బాధేమిటని ఎవరూ అడగరు.

ఫార్మసిస్టు, దేవరకొండ

ఒక్క విషయం. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 39 మంది పెద్దవారు 45 నిమిషాలు బొమ్మలు, కొలాజ్‌లు (ముక్కలు అతికించి చేసే బొమ్మలు), మట్టి పని చేశాక, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను తగ్గింది. ముందు అనుభవం ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. పోల్చి చూసేందుకు వేరే బృందం లేదు కాబట్టి దీన్ని అతిగా నమ్మకూడదు. అయినా ఆ కొలత గీయడానికి సంబంధించినది, చూపడానికి సంబంధించినది కాదు. మాస్టారి నియమానికి ఇది ఆధారం కాజాలదు.

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ

అందరి మాటలూ చదివాక నాకు తోచింది ఇది. టైలర్ గారి తమ్ముడు ఆ బొమ్మను అక్క కోసమే గీశాడు. అంగన్‌వాడీ టీచర్ గారు తన కోసం గీసుకున్నారు. రెండింటినీ ఒకే పుస్తకంలో పెట్టమనడం వల్లనే చిక్కు వస్తోంది. కాబట్టి నోటుపుస్తకం ఎవరిది వారి దగ్గరే ఉండనిచ్చి, కలిసి చేసే పనికి విడి కాగితాలు వాడదాం. మనం కూర్చునే ఆలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను అందరం గీద్దాం. కూర్చున్న చోటును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా వస్తుంది, మాటలు వాటంతటవే మొదలవుతాయి. ఇంగ్లండుకు చెందిన శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ పిల్లలతో ఆడిన ఆట కూడా పెట్టవచ్చు. ఒకరు కళ్లు మూసుకున్నంత నిర్లక్ష్యంగా ఒక మెలిక గీస్తే, ఎదుటివారు దాన్ని బొమ్మగా మారుస్తారు, ఆ తర్వాత వంతులు మారతాయి. ముక్కూమొహం తెలియని ఇద్దరికి ఇంతకంటే సులువైన పరిచయం నాకు తెలియదు.

నల్ల రంగు వాడితే దుఃఖమని, ఇంటికి తలుపు లేకపోతే ఒంటరితనమని అర్థాలు చెప్పడం మాత్రం మన బృందంలో ఉండకూడదు. ఆ అర్హత డ్రాయింగ్ మాస్టారుగా నాకూ లేదు. ఎవరి బొమ్మ చూసైనా ఆందోళన కలిగితే పక్కకు పిలిచి మెల్లగా అడగాలి. అవసరమైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వాలి.

అంగన్‌వాడీ టీచర్, మర్రిగూడ

విడి కాగితాల పద్ధతి నాకు నచ్చింది. నోటుపుస్తకం ఇష్టమైతేనే చూపించమన్నా, పదిమంది తెరిచిన చోట పదకొండో మనిషి మూసి ఉంచడం కష్టమే, ముఖ్యంగా కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు. కాబట్టి కాగితాలు చూసుకున్నాక చాయ్ తాగుదాం. వెళ్లాలనుకున్నవారు అప్పుడే వెళ్లిపోవచ్చు, పుస్తకాలు తెరవాలనుకున్నవారు ఆగవచ్చు. ముందే ఎందుకు వెళ్లిపోయావని మరుసటి వారం ఎవరూ అడగకూడదు. ఈ రెండు మాటలూ నియమంగా రాసిపెడితే వచ్చే ఆదివారం నేనూ వస్తాను.