మంచం పక్కన బొంత: చేతికుట్టా, మిషన్ కుట్టా?

చర్చాంశం: పక్షవాతం వచ్చి తేరుకుంటున్న భర్తను చూసుకుంటూ, ఎప్పుడో ఆపేసిన బొంత కుట్టుడు మళ్ల మొదలుపెట్టాలంటే చేతితో కుట్టుడు మేలా, మిషన్ మేలా? కారణాలతో చెప్పండి.

దేవరకొండ సూది: చేతికుట్టే. 5.5 మీటర్ల నూలు చీరను మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవు, 45 అంగుళాల పన్నా. రెండు చీరలకు ఆరు పొరలు. అంగుళానికో వరుస అంటే 45 వరుసలు, సుమారు 82 మీటర్ల కుట్టు. పొరల మందానికి, ముడులకు కలిపి 95 మీటర్ల దారం పెట్టుకోండి. మందుల టైమైతే వరుస మధ్యలనే సూది గుచ్చి లేవొచ్చు.

మిర్యాలగూడ మిషన్: అక్కా, ఆ గుచ్చి లేచిన సూదే ప్రమాదం. చచ్చుబడ్డ వైపు స్పర్శ తగ్గినోళ్లకు గుచ్చుకున్నా తెల్వదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే నెత్తురు తొందరగ ఆగదు. పైగా మనిషిని లేపి కూసోబెట్టే చేతులు అవి, మళ్ల ఆరు పొరల్లో దబ్బనం దింపితే మణికట్టు ఏం గాను? మిషన్‌కు 16 లేదా 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, బట్టను అదిమే మిషన్ పాదం ఒత్తిడి వదులు చెయ్యాలె. ముందుగ నడిమి నుంచి అంచులకు నాలుగేసి వేళ్ల దూరంల టాకాలు వెయ్యాలె. టాకాలు లేకుంటే పై పొర ముందుకు జరిగి చివర్ల గుత్తిపడుతది. అది ఇప్పి కుట్టుడు కన్నా మొదలే వేసుడు నయం.

దేవరకొండ సూది: సూది మాట ఒప్పుకుంటా, అది నేను తప్పు చెప్పిన. మూడు సూదులు తీస్తే మూడూ మూతున్న డబ్బాల పడేదాకా లేవొద్దు. కానీ చెల్లె, మాట తిరగని మనిషి పిలుపు మిషన్ చప్పుడుల ఇనబడదు. పడుకున్నప్పుడే కుడతమంటే ఆ చప్పుడుకు నిద్ర చెడుతది.

పాలమూరు దారం: రెండూ కలపండి. 72×45 బొంతను 18×15 అంగుళాల ముక్కలు పన్నెండు చేసుకుంటే ఒడిల పట్టుతయి, చేతితో కుట్టొచ్చు. కలిపేది మాత్రం మిషన్ మీద, ఆయన దగ్గర వేరే మనిషి ఉన్న పూట. జాగ్రత్త ఒక్కటే: ఆరు పొరల ముక్కలు రెండు కలిస్తే అతుకు కాడ 12 పొరలై సూది ఇరుగుతది. అందుకే లోపలి నాలుగు పొరలు నలుదిక్కులా అరంగుళం తక్కువ కత్తిరించండి, అప్పుడు అతుకులో నాలుగే. అరంగుళం అతుకులకు, అంచులకు పోంగ 68×42 మిగులుతది. పోచంపల్లి కొత్త కట్ పీసులు కలిపితే ముందే ఉతికి గంజి పోగొట్టండి. లేకుంటే తొలి ఉతుకులో కొత్తది కుంచించుకుంటది, పాత చీర కాదు, బొంతంత ముడతలే.

నకిరేకల్ ఫిజియో: అసలు సంగతి ఎవరూ అనలే. కదలలేని మనిషి కింద బొంత పరవొద్దు. అతుకు గట్టు, ముడి, ముడత ఏది ఒత్తినా నడుము కింది ఎముక మీద తోలు ఎర్రబడి పుండైతది. కింద నునుపు దుప్పటి, రెండు గంటలకోసారి పక్క తిప్పుడు. బొంత పైన కప్పేదానికే, అది కూడా మన ఎండల్ల మూడు పొరలు చాలు. నడక నేర్చుకునేటోళ్ల గదిల అంచు నేల మీద జారొద్దు, చక్రాల కుర్చీల ఉంటే చక్రంల చిక్కొద్దు.

ఆయనకు కూడా పని ఇయ్యొచ్చు, చూసే ఫిజియోను అడిగి: పేలికలను రంగు వారీగ ఏరుడు, దారం ఉండ చుట్టుడు. ముక్కలు బలహీనమైన చేతి దిక్కు పెట్టండి, ఆ వైపు చూపు పోవాలె. కత్తెర వద్దు.

మిర్యాలగూడ మిషన్: అన్నా, ఆయన ఏరిన రంగుల వరుసనే కుట్టాలె, మనం సర్దొద్దు.

దేవరకొండ సూది: పాత చీర ఎంచేటప్పుడు ఎండకు పట్టి చూడండి. కుచ్చిళ్ల కాడ పలచబడ్డ చోటు లోపలి పొరకు పోవాలె, పైకి రాకూడదు.