ఎండలు ముదిరితే వాక్యూమ్ పంపుకు ఏమవుతోంది?

చౌటుప్పల్_నైట్‌షిఫ్ట్:
మందుల కంపెనీలో పని. రియాక్టర్ (మందు తయారయ్యే మూసిన పాత్ర) మీద వాటర్ రింగ్ పంపు, అంటే లోపల గుండ్రంగా తిరిగే నీళ్ల రింగుతో గాలిని లాగేసే వాక్యూమ్ పంపు. జనవరిలో వాక్యూమ్ గేజ్ ముల్లు 680 మిల్లీమీటర్ల (పాదరసం లెక్క) మీద నిలిచేది, ఇప్పుడు 630 దాటడం లేదు. లోపల కంకర పోసి తిప్పినట్టు చప్పుడు. నీళ్ల వేడి వల్లా? ఆవిరితో పాటు సాల్వెంట్ (మందును కరిగించే ద్రవం) కూడా వస్తోంది, దాని వల్లా? స్పీడు తగ్గిస్తే చప్పుడు పోతుందా? మేనేజర్ రోజూ నా మీదే అరుస్తున్నాడు.

జడ్చర్ల_ఫిట్టర్:
సీల్ వాటర్ (రింగుకు పోసే నీళ్లు) డాబా మీది ట్యాంకుదేనా? అయితే ఇంకేం వెతకొద్దు. కేటలాగు లెక్క 15 డిగ్రీల నీళ్లకు రాస్తారు. అప్పుడు నీటి ఆవిరి పీడనం 13 మిల్లీమీటర్లే, 40 డిగ్రీలకు 55. పంపు లోపలి పీడనం ఆ అంకెకు దిగితే రింగు నీళ్లే లోపల మరిగి, గ్యాస్ రావాల్సిన చోటు ఆక్రమిస్తాయి. ఆ బుడగలు డెలివరీ వైపు పగలడమే మీ కంకర చప్పుడు. పోయినేడు మా ఇంపెల్లర్ (నీళ్లు తిప్పే రెక్కల చక్రం) చెదలు తిన్న కట్టెలా బయటికొచ్చింది.

అనుభవం_28ఏళ్లు:
నీళ్ల వేడి అని పిల్లల్ని భయపెట్టకండి. గాలి లీకు అది. గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ లీకు ఆపే బిగింపు) బిగించండి, అంతే. మహబూబ్‌నగర్‌లో నేను పెట్టిన పంపు మే నెలలో కూడా 740 చూపిస్తుంది.

జడ్చర్ల_ఫిట్టర్:
740? పాలమూరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి పీడనమే 715 చుట్టూ ఉంటుంది, వాక్యూమ్ అంతకు మించదు. మిగతా 25 ఎక్కడి నుంచి లాగారు సార్?

అనుభవం_28ఏళ్లు:
నువ్వు పుట్టకముందు నుంచి పంపులు విప్పుతున్నా. గేజ్ అబద్ధం చెబుతుందా?

మిర్యాలగూడ_తవుడునూనె:
చెబుతుంది. పంపు ఆపాక ముల్లు సున్నాకు వస్తుందో లేదో చూడండి.
స్పీడు జోలికి మాత్రం పోకండి. కరెంటు బిల్లుకు ఆశపడి మేం 50 హెర్ట్జ్ నుంచి 30కి దించాం. నీళ్లు కేసింగ్‌ను అంటుకుని తిరగాలంటే ఊపు ఉండాలి కదా! రింగు విరిగింది, వాక్యూమ్ మొత్తం పోయింది.

దేవరకొండ_బోరు:
అన్నా, మా బోరు కూడా నీళ్ల మధ్య గాలి దగ్గుతోంది. మోటారు మార్చాలా?

నకిరేకల్_రైతుబిడ్డ:
నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఏ పంపైనా పోతుంది.

జడ్చర్ల_ఫిట్టర్:
ఫ్లోరైడ్ తినేది పళ్లను, ఎముకలను. పంపులో గట్టిపడేది సున్నం. రెండూ కలపకండి.

నకిరేకల్_రైతుబిడ్డ:
మా తాత నడుము వంగిపోయింది ఆ నీళ్లకే. మీకు పంపు బాధ, మాకు మనుషుల బాధ.

చౌటుప్పల్_నైట్‌షిఫ్ట్:
థర్మామీటర్ పెట్టాను. లోపలికి 37, బయటికి 43. అవే నీళ్లు మళ్లీ తిప్పుతున్నాం, మా సాల్వెంట్ అసిటోన్ వాసన వస్తోంది. సాల్వెంట్ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

జడ్చర్ల_ఫిట్టర్:
అదీ విషయం! అసిటోన్ ఒక్కదానికే 25 డిగ్రీల దగ్గర 230 మిల్లీమీటర్ల ఆవిరి పీడనం. అది కలిసిన రింగుతో 680 అడిగితే ఎక్కడొస్తుంది? నీళ్లు మార్చండి. పంపు ముందున్న కండెన్సర్‌కు (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చేది) చల్లటి నీళ్లు అందుతున్నాయో చూడండి.

అనుభవం_28ఏళ్లు:
దేవరకొండ తమ్ముడూ, మోటారు మార్చకు. డెలివరీ వాల్వు కొంచెం మూయి, ఊట అందుకుంటుంది. మామూలు బోరు పంపు నూటికి నాలుగైదు పాళ్ల గాలి కలిసినా తడబడుతుంది.
మా గేజ్ చూశాను, పంపు ఆపాక కూడా 90 దగ్గరే నిలిచింది. కొత్తది తెప్పిస్తున్నా. గ్లాండ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.