సిటీ రోడ్ల ఎగుడుదిగుడు: ఫోన్ యాప్ ఇచ్చే ఐఆర్ఐతో ఓవర్లే జాబితా వేయొచ్చా?

తారురోడ్డు:
వార్డు రోడ్లలో దేనికి ముందు ఓవర్లే (పాత రోడ్డు మీద కొత్త తారు పొర) వేయాలో తేల్చడానికి కారులో ఫోన్ పెట్టి యాక్సిలరోమీటర్ (కుదుపు కొలిచే సెన్సర్) యాప్‌తో ఐఆర్ఐ (అంతర్జాతీయ ఎగుడుదిగుడు సూచీ, అంకె పెరిగేకొద్దీ రోడ్డు అంత అధ్వాన్నం) తీస్తున్నాం. అదే కారు, అదే రోడ్డు, ఒకసారి 4.1, ఇంకోసారి 5.6 (మీ/కి.మీ.). వేగం 25–45 మధ్య మారుతోంది. ప్రతి 100 మీటర్లకు ఒక సగటు. దీన్ని నమ్మి జాబితా వేయొచ్చా? ఎక్కడ తేడా కొడుతోంది?

పావుబండి:
ఇప్పుడే వేయకండి. ఫోన్ కొలిచేది మీ కారు కుదుపుని, రోడ్డుని కాదు. ఐఆర్ఐ అనేది రోడ్డు ప్రొఫైల్ (పొడవునా ఎత్తుపల్లాల గీత) మీద ఒక నమూనా చక్రాన్ని గంటకు 80 కి.మీ. వేగంతో లెక్కల్లో నడిపించి తీసే అంకె. అందుకే దానికి 2.4 మీ., 15 మీ. పొడవుండే అలలంటే పట్టింపు ఎక్కువ. మీరు 40లో పోతే మీ కారు దాదాపు అందులో సగం పొడవు అలలకు ఊగుతుంది. వేగం మారితే చదివే ఎగుడుదిగుడే మారిపోతుంది, ఎన్నిసార్లు తిప్పి సగటు తీసినా ఆ తేడా పోదు.

ఒక వేగం ఖాయం చేసుకోండి, 40 అనుకుందాం. 35 కన్నా తగ్గినా 45 దాటినా ఆ ముక్క రీడింగ్ పారేయండి. ఫోన్‌ని స్క్రూతో బిగించే హోల్డర్‌లో పెట్టండి. అద్దానికి అతికించే హోల్డర్ తనంతట తనే ఊగుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూడాలి, మనుషుల సంఖ్య మారకూడదు. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 రీడింగ్‌లు) దగ్గర 40 కి.మీ. వేగానికి 11 సెం.మీ.కు ఒక రీడింగ్ పడుతుంది, సరిపోతుంది. ప్రతి లేన్‌కీ కనీసం మూడు రన్‌లు.

మెర్లిన్_చక్రం:
ఇదంతా చేసినా క్యాలిబ్రేషన్ (నమ్మకమైన కొలతతో సరిపోల్చి అంకె సరిచేయడం) లేకపోతే అది ఐఆర్ఐ కాదు. నున్నటిదాని నుంచి బాగా పాడైనదాని దాకా ఐదారు ముక్కలు ఎంచి మెర్లిన్‌తో (చేత్తో తోసుకెళ్లే ఎగుడుదిగుడు కొలిచే పరికరం) కొలవండి, ఫోన్ అంకెల్ని వాటితో సరిపోల్చండి. మెర్లిన్ ఇలా ఉంటుంది: ముందు చక్రానికీ వెనక కాలికీ మధ్య 1.8 మీ., నడుమ ప్రోబ్, దాని కదలికని చార్టు మీద పది రెట్లు చూపించే చేయి. చక్రం ఒక చుట్టు తిరిగాక ఒక గుర్తు, మొత్తం 200. రెండు చివర్లా పదేసి గుర్తులు వదిలేసి మిగతా వెడల్పు మి.మీ.లో కొలిస్తే అది డి. ఐఆర్ఐ = 0.593 + 0.0471 × డి. డి 80 వస్తే 4.36.

మొదలుపెట్టే ముందు ప్రోబ్ కింద 6 మి.మీ. బిళ్ల పెట్టి చూడండి, గుర్తు 60 మి.మీ. జరగాలి. 54 మాత్రమే జరిగితే డిని 60/54తో హెచ్చించాలి. సూత్రం ఐఆర్ఐ 2.4 నుంచి 15.9 దాకానే చెల్లుతుంది. అంతకన్నా నున్నగా ఉండే కొత్త తారు రోడ్డుకి లెవెల్ సర్వేయో, నడుస్తూ తోసే ప్రొఫైలరో వాడాలి. చక్రం చుట్టుకొలత 2.1 మీ. ఉంటే 200 గుర్తులకు 420 మీ. కావాలి. ముక్క పొట్టిదైతే ప్రతిసారీ మొదలుపెట్టే చోటు కొంచెం జరిపి మళ్లీ తోయండి.

తారురోడ్డు:
ధన్యవాదాలండీ. మరి మ్యాన్‌హోల్స్, స్పీడ్ బ్రేకర్ల రీడింగ్ తీసేయాలా?

మిల్లింగ్:
తీసేయొద్దు, గుర్తు పెట్టి విడి కాలమ్‌లో ఉంచండి. మీ అసలు చిక్కు 100 మీటర్ల సగటులో ఉంది. 90 మీటర్లు 3 ఉండి, పైపు కోసం తవ్విన 10 మీటర్లు 15 ఉంటే సగటు 4.2 వస్తుంది. జాబితాలో అది ‘ఓ మాదిరి రోడ్డు’. నిజానికి కావాల్సింది ఆ 10 మీటర్లు తవ్వి, గట్టిగా దట్టించి, మళ్లీ తారు వేయడం. సిటీలో 20 మీటర్ల ముక్కలు చేయండి. ముక్కలన్నిటి ఐఆర్ఐ ఒకేలా ఎక్కువుంటేనే మిల్లింగ్ (పాత పై పొర గీకి తీయడం), ఓవర్లే గురించి ఆలోచించాలి.

మ్యాన్‌హోల్ మూత ఎత్తు పెంచకుండా 40 మి.మీ. ఓవర్లే వేస్తే అక్కడ 40 మి.మీ. గుంట మీరే తయారుచేసినట్టు. పని ముందూ తర్వాతా అదే లేన్‌లో కొలిస్తే ఇది బయటపడుతుంది.

ఇంకోటి: మొసలి చర్మంలా పగిలిన రోడ్డు కూడా కొన్నాళ్లు తక్కువ ఐఆర్ఐ చూపిస్తుంది. పగుళ్ల సర్వే పక్కన పెట్టుకోకుండా ఎగుడుదిగుడు అంకెతోనే వరస కట్టొద్దు.

పావుబండి:
లేజర్ ప్రొఫైలర్ బండి (నడుస్తూనే రోడ్డు ఎత్తుపల్లాల్ని లేజర్‌తో కొలిచేది) అద్దెకు తీసుకుంటే ఇవన్నీ తప్పుతాయని కూడా అనుకోవద్దు. అందులోనూ బండి ఊగడాన్ని లెక్కలోంచి తీసేయడానికి యాక్సిలరోమీటర్ రీడింగ్‌ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తారు (కుదుపు నుంచి ఎత్తు రాబడతారు) కాబట్టి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన చోట లేని మిట్టలు పుట్టుకొస్తాయి. ట్రాఫిక్ తగ్గిన రాత్రి వేళ నడిపించండి, ఆగిన చోటుకి ముందూ వెనకా ఉన్న ముక్కలు మళ్లీ తీయమని టెండర్‌లోనే రాయండి.